తలుపు తోసే ముందు

వేదిక మీద ఉన్న పెద్దలకు, ఎదురుగా కూర్చున్న విద్యార్థులకు, వెనక గోడ దగ్గర నిలబడ్డ నా పాత సహోద్యోగులకు నమస్కారం. కుర్చీలు ఖాళీగానే ఉన్నాయి, కూర్చోండయ్యా. డ్యూటీలో ఎలాగూ నిలబడేదే కదా.

జిల్లా పోలీసుల్లో ఆయుధాలతో పనిచేసే ప్రత్యేక బృందం ఏం చేస్తుంది, వాళ్లని ఎలా తయారు చేస్తారు అన్నది ఇవాళ్టి విషయం. పిలవడానికి వచ్చినవాళ్లతో అప్పుడే అన్నాను: నల్లబట్టలు, తాళ్ల మీద నుంచి దూకడాలు, అద్దాలు బద్దలు కొట్టుకుని లోపలికి పడడాలు కావాలంటే సినిమాకి వెళ్లండి, నేను చెప్పేదంతా ఆగడం గురించి ఉంటుందని. అయినా రమ్మన్నారు. అంచేత విసుగొస్తే ఆ నేరం నాది కాదు.

నేను పనిచేసింది ఏఆర్‌లో, అంటే ఆర్మ్‌డ్ రిజర్వ్‌లో. స్టేషన్‌లో మీరు చూసే ఎస్సై, సీఐలు వేరు. మాకు ఆర్‌ఎస్సైలు, ఆర్‌ఐలు, అంటే రిజర్వ్ ఎస్సైలు, రిజర్వ్ ఇన్‌స్పెక్టర్లు ఉంటారు. ఖైదీని కోర్టుకి తీసుకెళ్లే ఎస్కార్టు, ట్రెజరీ దగ్గర గార్డు, మంత్రిగారొస్తే బందోబస్తు, అరసవల్లిలో రథసప్తమి, విజయనగరంలో పైడితల్లి సిరిమానోత్సవం, ఇవన్నీ చేసేది మేమే. ఎక్కడైనా ఒకడు తుపాకీతోనో కత్తితోనో ఇంట్లో దూరి తలుపేసుకుంటే బుల్లెట్‌ప్రూఫ్ జాకెట్టు తొడుక్కుని ఆ ఇంటి ముందు నిలబడేదీ మాలోంచే. ఒకప్పుడు స్పెషల్ పార్టీ అనేవారు, తర్వాత క్విక్ రియాక్షన్ టీం అన్నారు. మా మనవడు అమెరికావాళ్ల పేరుతో స్వాట్ అంటాడు. బోర్డు ఏదైనా పని ఒకటే: మామూలు స్టేషన్ సిబ్బందికి చేతనయ్యే హద్దు దాటిన సంఘటనని, వీలైనంత తక్కువ రక్తంతో ముగించడం.

ఇలాంటి బృందాల చరిత్ర పెద్ద పాతదేం కాదు. 1966 ఆగస్టు 1న అమెరికాలో ఆస్టిన్ విశ్వవిద్యాలయం టవరెక్కి ఒకడు రైఫిల్‌తో కిందివాళ్లని కాల్చడం మొదలెట్టాడు. పోలీసుల దగ్గర ఉన్నవి పిస్తోళ్లు, షాట్‌గన్లు. అంత ఎత్తుకి అవి అందవు. చివరికి కొందరు ధైర్యం చేసి పైకెక్కి వాడిని ముగించారు. ధైర్యమే తప్ప పథకమంటూ ఏమీ లేదు. ఆ మరుసటి ఏడాదే లాస్ ఏంజెలెస్ పోలీసులు ప్రత్యేక బృందాన్ని కట్టారు. 1972లో మ్యూనిక్ ఒలింపిక్స్‌లో ఇజ్రాయెల్ క్రీడాకారులు బందీలై చనిపోయాక జర్మనీ జీఎస్‌జీ 9 అనే కమాండో దళాన్ని పెట్టుకుంది. మన దేశంలో 1984లో ఎన్‌ఎస్‌జీ, అంటే కేంద్రం కమాండో దళం వచ్చింది. మన రాష్ట్రానికొస్తే, 1987 డిసెంబరులో గుర్తేడు దగ్గర నక్సలైట్లు ఐఏఎస్ అధికారులని ఎత్తుకుపోయారు, అందులో ఎస్.ఆర్. శంకరన్ గారు కూడా ఉన్నారు. 1989లో పోలీసు అధికారి కె.ఎస్. వ్యాస్ గారు నక్సలైట్లని ఎదుర్కోవడానికి గ్రేహౌండ్స్ దళాన్ని నిలబెట్టారు. 1993 జనవరి 27న హైదరాబాద్ లాల్ బహదూర్ స్టేడియంలో సాయంత్రం వ్యాయామం చేస్తుండగా ఆయన్ని కాల్చి చంపారు. 2007లో ఉగ్రవాదుల్ని ఎదుర్కోవడానికి ఆక్టోపస్ వచ్చింది. చూడండి, ప్రతిదాని వెనకా ఒక దెబ్బ ఉంది. దెబ్బ తగలకుండా ఏ ప్రభుత్వమూ శిక్షణకి డబ్బు పెట్టలేదు. ఇది నా అభిప్రాయం, కాదనేవాళ్లుంటే తర్వాత వాదించుకుందాం.

ఈ శ్రీకాకుళం జిల్లాలో పోలీసు తుపాకీ మాట ఎత్తాక గిరిజన రైతాంగ పోరాటాన్ని దాటి పోలేం. 1970 జూలైలో ఆ పోరాటం నడిపిన వెంపటాపు సత్యం, ఆదిభట్ల కైలాసం చనిపోయిన నాటి నుంచి ఇక్కడ ప్రతి ఇంట్లోనూ దాని మీద ఒక మాట ఉంది, ఇంటింటికీ ఆ మాట వేరు. ఆ తీర్పులు చెప్పడానికి నేను రాలేదు. ఈ సభలో మా శాఖని నమ్మేవాళ్లూ ఉన్నారు, నమ్మనివాళ్లూ ఉన్నారని తెలిసే మాట్లాడుతున్నాను, అంతే.

మరి ఇన్ని పెద్ద బలగాలు పైనుండగా జిల్లాకి సొంత బృందం ఎందుకూ? దూరం కోసం. 2008 నవంబరు 26 రాత్రి ముంబయిలో దాడి మొదలైంది. ఎన్‌ఎస్‌జీ ఉండేది హర్యానాలోని మానేసర్‌లో. వాళ్లు సామాను సర్దుకుని, విమానమెక్కి, దిగి, బస్సుల్లో చేరుకుని పని మొదలెట్టేసరికి తెల్లారిపోయింది. మొదటి గంటల్లో తాజ్ హోటల్లో, స్టేషన్‌లో, ఆసుపత్రిలో ఎదురు నిలబడింది స్థానిక పోలీసులే, చేతిలో ఉన్న పాత రైఫిళ్లు, లాఠీలతో. ఆ తర్వాత ఏడాదిలో హైదరాబాద్, చెన్నై, ముంబయి, కోల్‌కతాల్లో ఎన్‌ఎస్‌జీ స్థావరాలు పెట్టారు. బాగుంది. కానీ హైదరాబాద్ నుంచి ఇచ్ఛాపురం ఎంత దూరం? శ్రీకాకుళం నుంచి బయల్దేరి జాతీయ రహదారి మీద మేం ఇచ్ఛాపురం చేరడానికే రెండు గంటలు. మందస కొండ దారిలోకి తిరిగితే గడియారం చూడడం మానేయాలి. 2018 అక్టోబరులో తిత్లీ తుపాను రోజున ఉద్దానంలో కొబ్బరి చెట్లూ జీడి చెట్లూ రోడ్డుకడ్డంగా పడిపోతే, అడుగడుగునా రంపం పట్టుకుని దిగాల్సి వచ్చింది. అలాంటి చోట మొదటి గంట ఎవరిది? ఊళ్లో ఉన్న కానిస్టేబుల్‌ది. రెండో గంట జిల్లా బృందానిది. మూడో గంటకి పైవాళ్లు రావచ్చు, రాకపోవచ్చు. చాలా సంఘటనల మంచీ చెడూ మొదటి గంటలోనే తేలిపోతుంది. అంచేత నేను జిల్లా బృందం శిక్షణ అన్నప్పుడల్లా దాంట్లో స్టేషన్ కానిస్టేబుల్ శిక్షణని కూడా కలిపే అంటున్నానని గుర్తుపెట్టుకోండి.

అక్కడికి చేరగానే తేల్చుకోవాల్సిన ప్రశ్న ఒక్కటే: లోపల ఈ క్షణంలో ప్రాణాలు పోతున్నాయా, లేదా?

పోతుంటే ఆగకూడదు. 1999 ఏప్రిల్ 20న అమెరికాలో కొలంబైన్ బడిలో ఇద్దరు కుర్రాళ్లు తోటి పిల్లల్ని కాల్చారు. మొదట వచ్చిన పోలీసులు అప్పటి పద్ధతి ప్రకారం చుట్టూ నిలబడి స్వాట్ కోసం చూశారు. ఆ తర్వాత అక్కడి పద్ధతే మారింది. కాల్పులు జరుగుతుంటే ముందొచ్చినవాడే లోపలికి పోవాలి, చప్పుడు వినిపించే వైపు నడవాలి. రాసుకున్నారు, నేర్పారు. మరి 2022 మే 24న టెక్సాస్‌లోని యువాల్డీ బడిలో ఏమైంది? 19 మంది పిల్లలు, ఇద్దరు టీచర్లు చనిపోయారు. తుపాకులు, షీల్డులు పట్టుకున్న పోలీసులు బడి నడవాలో 77 నిమిషాలు నిలబడ్డారు. సామగ్రి లేక కాదు. అది తలుపేసుకుని కూర్చున్నవాడి కేసని లెక్కేశారు. ప్రశ్నకి తప్పు జవాబు రాసుకుంటే ఎంత మంచి జాకెట్టు ఉన్నా ఒకటే.

పోవడం లేదంటే, అప్పుడు తొందరపడకూడదు. మన జిల్లాల్లో నూటికి తొంభై ఇవే అని నా అనుభవంతో అంటున్నాను, దీనికి లెక్క అడగొద్దు. తాగి భార్యాపిల్లల్ని గదిలో పెట్టి కత్తి పట్టుకున్నవాడు. భూమి తగాదాలో అన్నని కొట్టి మిద్దెక్కి కూర్చున్నవాడు. మనసు బాగోక నాలుగు రోజులుగా తలుపు తీయనివాడు. వీళ్లలో చాలామంది అప్పటిదాకా పోలీసు మొహం చూసినవాళ్లు కాదు. మానసిక అనారోగ్యం ఉన్నవాడైతే 2017 నాటి మానసిక ఆరోగ్య సంరక్షణ చట్టం 100వ సెక్షన్ మా మీద బాధ్యత పెట్టింది: అతన్ని రక్షణలోకి తీసుకుని ఆసుపత్రికి చేర్చాలి, లాకప్‌లో పెట్టకూడదు. ఇలాంటి చోట కాలం మనవైపు ఉంటుంది. తాగినది దిగుతుంది, ఆకలేస్తుంది, నిద్రొస్తుంది. బయటున్న జనం మాత్రం "ఇంతమంది పోలీసులొచ్చి ఏటి చేస్తన్నారు, బేగి లోపలికెళ్లరేటి" అంటారు. ఆ మాట చెవిన పడుతున్నా కదలకుండా ఉండడం కూడా శిక్షణలో నేర్పాల్సిందే. నిజానికి అదే అన్నిటికన్నా కష్టం.

ఇప్పుడు ఇంటి దగ్గరికి పోదాం. శిక్షణ పుస్తకాల్లో బొమ్మలన్నీ విదేశీ ఇళ్లు. నడవా, నడవాకి అటూ ఇటూ గదులు. మన పల్లెల్లో పాత ఇల్లు అలా ఉండదు. వీధికి రెండు వైపులా వరస ఇళ్లు, నా గోడే పక్కింటివాడి గోడ. అరుగు, వీధి గది, నడిమి గది, వంటిల్లు, పెరడు, అన్నీ రైలు పెట్టెల్లా ఒకదాని వెనక ఒకటి. వీధి గుమ్మంలో నిలబడితే పెరటి గుమ్మం అవతల అరటి చెట్టు కనిపిస్తుంది. గాలి ఆడడానికి మన పెద్దలు కట్టుకున్న తీరు అది. మాకది చిక్కు. గాలి పోయే దారినే తూటా కూడా పోతుంది.

సినిమాలో చూస్తారు కదా, కొందరు ముందు నుంచి, కొందరు వెనక నుంచి ఒకేసారి లోపలికి దూకుతారు. ఈ ఇంట్లో అలా చేస్తే ముందువాడు పేల్చింది వెనకవాడి ఛాతీలో దిగుతుంది. అంచేత పెరటివైపు వెళ్లినవాళ్లు గుమ్మానికి ఎదురుగా కాక పక్కకి, గోడ మూలన ఉండాలి. వాళ్ల పని పారిపోయేవాడిని పట్టుకోవడం వరకే. లోపలికి వెళ్లేది ఒక వైపు నుంచే. ఇక పక్క గోడలు. తడిక మీద మట్టి మెత్తిన గోడ గానీ, సన్నపు అడ్డుగోడ గానీ రైఫిల్ తూటాని ఆపుతుందని నమ్మడానికి లేదు. ఆ గోడ అవతల ముసలమ్మ మంచం ఉంటుంది. అందుకే అటూ ఇటూ ఇళ్లు ఖాళీ చేయించే దాకా ఆయుధం గురించి ఆలోచనే ఉండకూడదు. ముసలమ్మ రానంటుంది, ఆవుని విప్పందే కదలనంటుంది. ఆవుని విప్పాలి. దానికీ ఒక మనిషిని కేటాయించాలి.

గుమ్మం దగ్గర ఇంకో సంగతి. పగటి పూట గుమ్మంలో నిలబడ్డవాడికి వెలుతురు వెనక ఉంటుంది. లోపల చీకట్లో ఉన్నవాడికి వీడి ఆకారం కొట్టొచ్చినట్టు కనిపిస్తుంది, వీడికి మాత్రం లోపల ఏమీ కనిపించదు. గుమ్మంలో ఆగినవాడు బతకడని మేం నేర్పేది అందుకే. అవతలి వైపు చూడాలంటే గోడకి దూరంగా నిలబడి, కొంచెం కొంచెంగా పక్కకి జరుగుతూ, గదిని ముక్కలు ముక్కలుగా చూసుకుంటూ పోవాలి. లోపలికి అడుగేస్తే మాత్రం ఆగకుండా మూలకి పోవాలి. పైగా మన పాత గుమ్మాలు పొట్టివి, తల వంచితే గానీ పట్టవు. కింద ఎత్తు గడప. తల మీద హెల్మెట్టు, ఒంటి మీద జాకెట్టు, ఒక చేతిలో షీల్డు, చూపు ముందుకి. అలాంటివాడి కాలు గడపకి తగిలితే ఏమవుతుందో ఊహించుకోండి. వేలు ట్రిగ్గర్ మీద ఉంటే పడ్డవాడి తుపాకీ పేలుతుంది.

అందుకని నమూనా ఇల్లు మన ఇంటిలాగే కట్టించాలని మొదటి నుంచీ పోరాను. పెద్ద ఖర్చేం లేదు. సరుగుడు గుంజలు పాతి, తడికలు కట్టి, గడపకి పాత దుంగ ఒకటి వేస్తే చాలు. అది కూడా లేనిచోట గ్రౌండు మీద సున్నంతో ఇంటి గీతలు గీసి, చెక్క తుపాకులతో నడిపించేవాళ్లం. ఉదయం పరేడ్ అయ్యాక చూసేవాళ్లకి నవ్వొచ్చే దృశ్యం అది. పెద్ద పెద్ద మీసాలవాళ్లు ముగ్గులో అడుగులేసుకుంటూ, లేని గోడకి భుజం ఆనించి, లేని మూల వైపు గురిపెట్టి, "కుడి ఖాళీ", "ఎడమ ఖాళీ" అని అరుస్తూ ఉంటారు. మొదటివాడు కుడి మూలకి పోతే రెండోవాడు ఎడమ మూలకి పోవాలి, మూడోవాడు మధ్య చూడాలి. ఎవడి భాగం వాడిది. పక్కవాడి భాగంలో ఏముందో అని తొంగి చూశాడంటే తన భాగం వదిలేసినట్టే. ఇది చెప్పడానికి అరనిమిషం, ఒంటికి పట్టడానికి నెలలు. ఎందుకంటే చప్పుడు ఎటొస్తే తల అటు తిప్పడం మనిషి నైజం. ఆ నైజాన్ని మాన్పించాలి.

నడక కుదిరాక ఖాళీ తుపాకీ. ఆ తర్వాతే ఫైరింగ్. బట్‌లో, అంటే ఫైరింగ్ మైదానంలో పడుకుని గుండ్రటి టార్గెట్ మీద కొట్టడం ప్రతి పోలీసుకీ వచ్చిందే, దానితో ఇక్కడ పెద్ద పని లేదు. ఇక్కడ దూరం ఐదారు అడుగులు. ఇక్కడ కావాల్సింది పేల్చాలా వద్దా అన్న తెలివి. అందుకని మనుషుల బొమ్మలు పెడతాం. ఒక బొమ్మ చేతిలో పిస్తోలు. ఇంకో బొమ్మ వంటింట్లో గరిటె పట్టుకున్న అమ్మ. ఇంకోటి సెల్‌ఫోను ఎత్తి చూపిస్తున్న కుర్రాడు. మసక వెలుతురులో ఒక్కసారి తడిక తెరిస్తే లిప్తపాటులో తేల్చుకోవాలి. మొదటి రోజుల్లో పాపం ఆ గరిటె అమ్మకి ఎన్ని తూటాలు తగిలేవో! కుర్రాళ్లు సిగ్గుతో తల వంచుకునేవారు. తిట్టేవాణ్ణి కాదు. "బొమ్మ చేతులు చూశావా, మొహం చూశావా?" అని అడిగేవాణ్ణి. అందరూ మొహమే చూస్తారు. ప్రమాదం చేతుల్లో ఉంటుంది. చేతులు చూడడం అలవాటయ్యాక గరిటె అమ్మ క్షేమం.

తుపాకీ దగ్గర కొన్ని మాటలు జపంలా చెప్పిస్తాం. ప్రతి తుపాకీ లోడ్ అయ్యే ఉందనుకో. కాల్చకూడనిదాని వైపు గొట్టం తిప్పకు. కాల్చాలని తేల్చుకునే దాకా వేలు ట్రిగ్గర్ గార్డుకి బయటే ఉంచు. గురి వెనక ఏముందో తెలుసుకో. ఈ నాలుగోది మన వరస ఇళ్లల్లో మిగతా మూడిటికన్నా పెద్దది.

ఒంటి సత్తువ గురించి పొడుగ్గా చెప్పను. పరుగు, తాడు, అడ్డంకుల కోర్సు అందరికీ తెలిసినవే. బుల్లెట్‌ప్రూఫ్ జాకెట్టు, తలకి తూటా ఆపే పట్కా వేసుకుని ఎచ్చెర్ల గ్రౌండులో మే నెల ఎండలో గంట నిలబడడం అన్నిటికన్నా పెద్ద పరీక్ష అని మాత్రం అంటాను. దాహమేసినవాడి బుర్ర పనిచేయదు. నీళ్ల డ్రమ్ము కూడా ఆయుధాల జాబితాలో రాయాలి. అలాగే ప్రతివాడికీ రక్తం ఆపే పట్టీ కట్టడం వచ్చి తీరాలి, తొడలో రక్తనాళం తెగితే 108 వచ్చేదాకా ఆగదు. బృందంలో మహిళలు ఉండాలి. లోపల భయపడి ముడుచుకున్న ఆడపిల్లని బయటికి తెచ్చేటప్పుడు వాళ్ల అవసరం తెలుస్తుంది.

సామగ్రి దగ్గర ఒక్క హెచ్చరిక. పొగ గోళాలు, పెద్ద చప్పుడుతో వెలుగు చిమ్మేవి, ఇవి వేడిని కూడా పుట్టిస్తాయి. 1985 మే 13న ఫిలడెల్ఫియాలో పోలీసులు ఒక ఇంటిని ఖాళీ చేయించడానికి హెలికాప్టర్ నుంచి బాంబు వేశారు. ఆ మంట పక్కిళ్లకి పాకి 61 ఇళ్లు తగలబడ్డాయి. పిల్లలు ఐదుగురితో కలిపి 11 మంది చనిపోయారు. అవి మేడలు. మన దగ్గర ఇంకా పూరిళ్ల వీధులు ఉన్నాయి, పెరట్లో గడ్డివాము, వంటింట్లో గ్యాస్ బండ, ఉద్దానం వైపైతే ఇంట్లో జీడిగింజల బస్తాలు. ఏదైనా విసిరే ముందు పైకప్పు చూడమని, ఫైరింజను వచ్చి నిలబడిందో లేదో చూడమని నేర్పాలి. కరెంటు తీయించాలంటే లైన్‌మన్‌కి ముందే చెప్పి పక్కన పెట్టుకోవాలి. ఫోను కలవదు సార్ అంటే కుదరదు.

ఇంతకీ తుపాకీ పట్టుకున్నవాళ్లకన్నా ముఖ్యమైనవాడు ఒకడున్నాడు, మాట్లాడేవాడు. 1973లో న్యూయార్క్ పోలీసులు ఇందుకోసం ప్రత్యేకంగా మనుషుల్ని తయారుచేయడం మొదలెట్టారు. మ్యూనిక్ చూశాక, వాళ్ల ఊళ్లోనే ఒక దుకాణంలో బందీల సంఘటన అయ్యాక. ఒక డిటెక్టివ్, ఆయన సైకాలజీ చదివినవాడు, ఇంకో అధికారి కలిసి పద్ధతి తయారుచేశారు. దాంట్లో అసలు కిటుకు: మాట్లాడేవాడికి నిర్ణయించే అధికారం ఉండకూడదు, నిర్ణయించేవాడు మాట్లాడకూడదు. లోపలివాడు "బండి కావాలి" అంటే "పై సార్‌ని అడిగి చెప్తాను తమ్ముడూ" అనగలగాలి. ఆ అడగడానికి పావుగంట. మళ్లీ ఇంకో మాట, ఇంకో పావుగంట. ఎస్పీగారే మైకు పట్టుకుంటే ఆ వెసులుబాటు పోతుంది.

ఏ భాషలో మాట్లాడాలి? ఇచ్ఛాపురం, మందస వైపు ఒడియా. మెళియాపుట్టి, సీతంపేట కొండల్లో సవర. మిగతా చోట మన యాసే. "మీరు ఆందోళన చెందవద్దు, మీ సమస్యలు పరిశీలిస్తాం" అని పత్రికా భాషలో అంటే లోపలివాడికి ఇంకా భయమేస్తుంది. "ఏటైందిరా నాయనా, తిన్నావా?" అంటే జవాబొస్తుంది. గిడుగు రామమూర్తి గారు వందేళ్లకి పైగానే అయింది సవర నేర్చుకుని, నిఘంటువు కూడా రాసి పెట్టారు. మన స్టేషన్లలో ఇప్పటికీ సవర కేసు వస్తే దుబాసీ కోసం వెతుకులాటే. కొండల్లోంచి ఉద్యోగంలోకొచ్చిన కానిస్టేబుళ్లని గార్డు డ్యూటీలో నిలబెట్టే బదులు ఈ పనికి తయారుచేయొచ్చు కదా? అడిగాను. ఇంకా అడుగుతూనే ఉన్నాను.

బంధువులకి ఫోను ఇచ్చేయడం మనవాళ్లకో బలహీనత. "వాళ్ల బావ చెప్తే వింటాడండి" అంటారు. ఆ బావతోనే తగాదా అయి ఉండొచ్చు. ముందు కూర్చోబెట్టి కనుక్కోవాలి. అవసరమైతే గొంతు రికార్డు చేసి వినిపించాలి గానీ నేరుగా కలపకూడదు. మాటలతో పని అవుతుందా అనేవాళ్లకి ఒకటే జ్ఞాపకం చేస్తాను. 2011 ఫిబ్రవరిలో మన పక్కనే ఉన్న మల్కన్‌గిరి కలెక్టర్ వినీల్ కృష్ణ గారిని మావోయిస్టులు పట్టుకుపోయారు. ప్రొఫెసర్ హరగోపాల్ వంటివాళ్లు మధ్యవర్తులుగా కూర్చుని మాట్లాడాక ఆయన క్షేమంగా తిరిగొచ్చారు. అంతకు మూడేళ్ల ముందు, 2008 జూన్ 29న, అదే జిల్లాలో బలిమెల జలాశయంలో పడవలో వస్తున్న మన బలగాలని కొండ మీద నుంచి కాల్చారు. 38 మంది పోయారు, ఎక్కువమంది గ్రేహౌండ్స్ కుర్రాళ్లు. అంత శిక్షణ ఉన్నవాళ్లని కూడా దాక్కునే చోటు లేని నీళ్ల మధ్య ఆ శిక్షణ కాపాడలేదు. నేల ఎవరిదో చూసుకోకుండా అడుగేయొద్దని ప్రతి బ్యాచ్‌కీ ఇదే చెప్పేవాణ్ణి, చెప్పిన ప్రతిసారీ గొంతు పట్టేసేది.

చట్టం సంగతి. భారతీయ నాగరిక్ సురక్షా సంహిత 2024 జూలై 1 నుంచి అమల్లో ఉంది. దాని 43వ సెక్షన్ ఏమంటుందంటే, అరెస్టుకి ఎదురు తిరిగితే అవసరమైన బలం వాడొచ్చు; కానీ మరణశిక్షో యావజ్జీవమో పడే నేరం ఆరోపణ లేనివాడిని చంపే హక్కు ఆ సెక్షన్ ఇవ్వదు. ఆత్మరక్షణ, ఇతరుల ప్రాణరక్షణ హక్కు మీకున్నట్టే మాకూ ఉంది, అంతకు మించి లేదు. ఎవరైనా పోలీసు కాల్పుల్లో చనిపోతే ఏం చేయాలో సుప్రీంకోర్టు 2014 సెప్టెంబరులో పీయూసీఎల్ అనే పౌరహక్కుల సంఘం వేసిన కేసులో 16 సూత్రాలు ఇచ్చింది. ఎఫ్ఐఆర్ పడాలి. సీఐడీనో, వేరే స్టేషన్ బృందమో దర్యాప్తు చేయాలి. మెజిస్టీరియల్ విచారణ జరగాలి. కాల్చినవాడు ఆయుధం పరీక్షకి అప్పగించాలి. వెంటనే ప్రమోషన్లు, సాహస పతకాలు ఇవ్వకూడదు. కుర్రాళ్లు దీన్ని శిక్షగా అనుకుంటారు. నేను వాళ్లకి చెప్పేది, సరిగ్గా పనిచేసినవాడికి ఆ కాగితాలే కాపలా. ఎన్ని గంటలకి చేరాం, ఎవరు ఏమన్నారు, ఎవరు ఆదేశమిచ్చారు, ఇవన్నీ అక్కడికక్కడే రాసే మనిషి ఒకడు బృందంలో ఉండాలి. చివర్లో ఖాళీ షెల్స్ ఏరి లెక్క చూసుకునేది కూడా అతనే.

జనం గుంపు మాత్రం ఈ బృందం పని కాదు. దీని మీద నాకు గట్టి అభిప్రాయం ఉంది. 2010 జూలై 14న సోంపేటలో, 2011 ఫిబ్రవరి 28న కాకరాపల్లిలో థర్మల్ ప్లాంట్లు వద్దన్న రైతులూ మత్స్యకారులూ పోలీసులకి ఎదురు నిలిచారు, కాల్పుల్లో ప్రాణాలు పోయాయి. ఎవరిది తప్పన్నది ఈ వేదిక మీద తేలేది కాదు. కానీ ఇల్లు చొరబడడానికి తయారైనవాడి ఒళ్లంతా ఎదుటివాడి చేతిలో ఆయుధం వెతుకుతూ ఉంటుంది. అతన్ని తీసుకెళ్లి భూమి పోతుందని ఏడుస్తున్న వెయ్యి మంది ముందు రైఫిల్‌తో నిలబెట్టడం రెండు వైపులా అన్యాయం. గుంపు దగ్గర కావాల్సింది లాఠీ, షీల్డు, ఓపిక, మాట్లాడే అధికారి. అమెరికాలో ఇంకో రకం జబ్బు పట్టుకుంది: బందీల కోసం పెట్టిన స్వాట్‌ని మాదకద్రవ్యాల సోదాలకి అర్ధరాత్రి తలుపులు పగలగొట్టడానికి వాడడం. చేతిలో బృందం ఉంది కదా అని వాడేస్తే అలాగే అవుతుంది.

మీ వంతు కూడా ఉంది. మీ వీధిలో ఇలాంటిది జరిగితే ముందు ఆ గుమ్మాల వరసలోంచి పక్కకి రండి. ఫోనెత్తి లైవ్ పెట్టకండి. ముంబయిలో టీవీలు కమాండోల కదలికలు చూపించడం మీద కసబ్ తీర్పులో 2012లో సుప్రీంకోర్టు తప్పుపట్టింది. 2015లో ఉగ్రవాద వ్యతిరేక ఆపరేషన్ల ప్రత్యక్ష ప్రసారాన్ని కేబుల్ టీవీ నిబంధనల్లోనే నిషేధించారు. లోపలివాడి చేతిలోనూ ఫోనుంటుందని మర్చిపోవద్దు. మీరు చేయగలిగిన పెద్ద సాయం ఇంటి పటం. ఆ ఇంటికి అటక ఉందా, పెరటి తలుపుకి గడియ ఎటువైపు, వంటింట్లో బండ ఎక్కడ పెడతారు, కుక్క ఉందా, మంచం పట్టిన ముసలివాళ్లున్నారా. ఇవి పక్కింటి అక్కకి తెలిసినంత బాగా ఏ పోలీసుకీ తెలియవు. కానిస్టేబుల్‌ని పక్కకి పిలిచి చెప్పండి.

ఆఖరుగా మా అధికారులు ఎవరైనా వింటుంటే, ఒక మనవి. జిల్లా బృందానికి కొరత తుపాకుల్లో లేదు, రోజుల్లో ఉంది. శిక్షణకని తేదీ వేస్తారు, ఆ రోజే ఎవరో ఒక పెద్దాయన పర్యటన పడుతుంది. కుర్రాళ్లు మళ్లీ రోడ్డు పక్క ఎండలో. నెలకి రెండు రోజులు, ఏ బందోబస్తు వచ్చినా కదపని రెండు రోజులు ఇవ్వండి. ఒక రోజు వాళ్లు వాళ్లుగా. రెండో రోజు ఏదో ఒక స్టేషన్‌కి వెళ్లి, అక్కడి కానిస్టేబుళ్లతో, లైన్‌మన్‌తో, 108 వాళ్లతో కలిసి, ఆ ఊళ్లోనే ఏ పాడుబడ్డ ఇంట్లోనో. ఈసారి పాతపట్నం, వచ్చేసారి కంచిలి. సరుగుడు గుంజల ఖర్చు కూడా మిగులుతుంది.

ఇక ప్రశ్నలు. ముందు వరసలో ఎన్‌సీసీ పిల్లలు అప్పుడే చేతులెత్తేశారు. ఏ తుపాకీ మంచిదని అడిగేవాళ్లు చేయి దించండి, మీకు చివర్లో చెప్తాను. ఆ పక్కన చీర కొంగు సర్దుకుంటూ లేచిన అమ్మగారు, ముందు మీరు అడగండి.